కోలారు చెరువుల్లో బెంగళూరు నీళ్ళు

కావేరి కోలారుకు మొదట కరెంటుగా వచ్చింది. శివనసముద్రం జలపాతం దగ్గర తీసిన విద్యుత్తును 1902లో దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీద కోలారు బంగారు గనులకు చేర్చారు. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి ఇంకా మూడేళ్ళుంది. గనుల యంత్రాలు తిరిగాయి, బంగారం పైకొచ్చింది, 2001లో గనులు మూతపడ్డాయి. నది మాత్రం ఆ జిల్లా వైపు చూడలేదు. చివరికి 2018 జూన్‌లో కావేరి నీళ్ళుగానే కోలారుకు వచ్చింది. అయితే అప్పటికే బెంగళూరు వాళ్ళు ఆ నీళ్ళతో స్నానాలు చేశారు, బట్టలు ఉతికారు, అంట్లు తోమారు, మరుగుదొడ్లు కడిగారు.

మాది మదనపల్లె. కోలారు మాకు పరాయి ఊరు కాదు. మాకూ వాళ్ళకూ టమేటా మండీలున్నాయి, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలున్నాయి. అక్కడి పల్లెల్లో చాలా ఇళ్ళలో మాట్లాడేది మా తెలుగే. బళ్ళో కన్నడం, ఇంట్లో తెలుగు. కరువు కూడా ఇద్దరికీ ఒకటే. ఎండిపోయిన చెరువుల పక్కనే వెయ్యి అడుగులు దాటిన బోర్లు వేసి, నీళ్ళు పడకపోతే అప్పు మిగిలిన కుటుంబాలు రెండు వైపులా ఉన్నాయి. అందుకే బెంగళూరులో పని ముగిశాక నేరుగా ఇంటి బస్సు ఎక్కకుండా, ఆ వాడేసిన నీళ్ళు పోయే దారినే పోవాలనుకున్నాను. పైపుల గురించీ పంపుల గురించీ ఇంజనీర్లు రాశారు. కోర్టులు తీర్పులు రాశాయి. చెరువుకట్ట మీద బతికేవాళ్ళు ఏమనుకుంటున్నారో వాళ్ళ నోటే వినాలనిపించింది.

దారి బెల్లందూరు దగ్గర మొదలవుతుంది. బెంగళూరులోకెల్లా పెద్ద చెరువు అది. నురగ రోడ్డు మీదికి ఎగిరిపడిన చెరువుగా, మంటలు లేచిన చెరువుగా దేశమంతా దాని పేరు విన్నది. కోరమంగల, చల్లఘట్ట లోయల్లో పారే మురుగంతా అటే దిగుతుంది. చెరువు పక్కనే శుద్ధి కేంద్రాలున్నాయి. ఈ రెండు లోయల పేర్ల మొదటి అక్షరాలతోనే శుద్ధి చేసిన ఆ నీళ్ళను కోలారు చెరువులకు పంపే పథకానికి కె.సి. వ్యాలీ అని పేరు వచ్చింది.

మా పిన్నమ్మ కూతురు ఆ దగ్గర్లోనే ఒక అపార్టుమెంటులో ఉంటుంది. వాళ్ళ భవనానికీ సొంతంగా ఒక చిన్న శుద్ధి కేంద్రం ఉంది. పెద్ద సముదాయాలకు అక్కడ అది తప్పనిసరి. శుద్ధి చేసిన నీళ్ళు వేరే పైపులో మరుగుదొడ్ల ట్యాంకులకూ తోటకూ పోతాయి. 2024 వేసవిలో బెంగళూరు నీటికి అల్లాడినప్పుడు ఆ నీళ్ళే ఆదుకున్నాయని చెప్పింది. బాల్కనీలో ఆమె మొక్కలు చూపించింది. గులాబీలకు, మనీప్లాంటుకు శుద్ధి చేసిన నీళ్ళు. కరివేపాకుకు, తులసికి మాత్రం కావేరి నీళ్ళు. "కరివేపాకు కూరలో పడేది కదక్కా, తులసమ్మకు ఎట్ల పోస్తాం ఆ నీళ్ళు?" అంది. మీ లోయల నీళ్ళతో కోలారులో కూరగాయలు పండుతున్నాయి, నువ్వు కొనే టమేటా అక్కడిదే కావచ్చు అన్నాను. నిజంగానే ఆమెకు తెలియదు. చదువుకున్న పిల్ల, ఊరి సంగతులన్నీ పట్టించుకునే పిల్ల. తన ఇంట్లోకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో చెప్పగలిగింది కానీ, ఇల్లు దాటాక ఎటు పోతాయో చెప్పలేకపోయింది. ఆ నగరంలో ఎంతమంది చెప్పగలరు?

ఆ నీళ్ళ ప్రయాణం చిన్నదేమీ కాదు. తొరెకాడనహళ్ళి దగ్గర కావేరిని పట్టి, దాదాపు 100 కిలోమీటర్ల దూరం, అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో ఎక్కించి బెంగళూరుకు తెస్తారు. 1974 నుంచి దశలు దశలుగా తెస్తూనే ఉన్నారు. 2024లో అయిదో దశ పూర్తయింది. వాడగా వచ్చిన మురుగులో పెద్ద చెత్తను జల్లెడపట్టి, గాలి ఊది, సూక్ష్మజీవుల చేత మలినాన్ని తినిపించి, బురదను కిందికి దించి, పైన తేరిన నీటిని తీస్తారు. దీన్ని రెండో దశ శుద్ధి అంటారు. నత్రజని, భాస్వరం వంటివి చాలావరకు అందులోనే ఉండిపోతాయి. వాటిని కూడా తీసి, వడపోసి, క్రిములను చంపే మూడో దశ ఇంకొకటి ఉంది. కోలారుకు పంపేది రెండో దశ నీరే. రోజుకు 440 మిలియన్ లీటర్లు పంపాలని, వందకు పైగా చెరువులు నింపాలని పథకం. ఈ రెండో దశ, మూడో దశ అన్న మాటలు నాకు ఇంజనీర్ల కంటే ముందు కోలారులో బీడీ కాల్చుకుంటున్న ఒక రైతు విడమరిచి చెప్పాడు. అక్కడ చిన్న పిల్లలకు కూడా ఆ తేడా తెలుసు.

చిత్తూరు వైపు పోయే జాతీయ రహదారి మీద హొసకోటె దాటాక నరసాపుర వస్తుంది. ఫ్యాక్టరీలు వరుసగా కనిపిస్తాయి. అక్కడికి దగ్గర్లోనే లక్ష్మీసాగర చెరువు ఉంది. బెంగళూరు నుంచి 50 కిలోమీటర్లకు పైగా పైపుల్లో వచ్చిన నీళ్ళు మొదట ఇక్కడే బయటపడ్డాయి. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూడటానికి వచ్చాయట. ఏళ్ళ తరబడి తుమ్మచెట్లు మొలిచిన చెరువులో నీళ్ళు పరుచుకుంటుంటే ముసలివాళ్ళు ఏడ్చారని టీ బంకు దగ్గర ఒకాయన చెప్పాడు. నెలన్నర తిరక్కముందే, జూలైలో, అదే చెరువులో నురగ లేచింది. బెల్లందూరు నురగను టీవీల్లో చూసి ఉన్న జనం గుండెలు జారిపోయాయి. శాశ్వత నీటిపారుదల కోసం ఏళ్ళుగా పోరాడుతున్న సమితి నాయకుడు ఆర్. ఆంజనేయరెడ్డి కోర్టుకెక్కారు. హైకోర్టు నీళ్ళు ఆపమంది, తర్వాత వదలమంది. సుప్రీంకోర్టు 2019 మొదట్లో మళ్ళీ ఆపింది, ఆ తర్వాత అనుమతించింది. పథకం కోసం పట్టుబట్టిన అప్పటి శ్రీనివాసపుర శాసనసభ్యుడు, స్పీకర్ రమేశ్ కుమార్ ఒకవైపు, పోరాట సమితి ఒకవైపు. ఇద్దరూ ఆ కరువు నేల వాళ్ళే, ఇద్దరూ నీళ్ళ కోసమే నిలబడ్డవాళ్ళు. ఈ తగాదాను మంచికీ చెడుకూ పోరుగా చెప్పేవాళ్ళను నేను నమ్మను.

పైపు నీళ్ళు మొదట దిగే చెరువుల దగ్గర జనం మాట కటువుగా ఉంది. నీళ్ళు పచ్చగా ఉంటాయి, గుర్రపుడెక్క అల్లుకుంటుంది, సాయంత్రమైతే దోమలు, గాలి తిరిగితే వాసన. "మేము బెంగళూరుకు వడగట్టే గుడ్డ అయినాము మేడం. మాపైన వడకట్టుకోని కిందికి పొయ్యే నీళ్ళు బాగుంటాయి" అన్నాడు టీ బంకు దగ్గర ఆ మనిషి. అతని మాటలో సత్యం ఉంది. కోలారు చెరువులు విడివిడిగా కట్టినవి కావు. పై చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్ళు కాలువలో కింది చెరువుకు, అక్కడినుంచి ఇంకో చెరువుకు పోయేటట్టు పూర్వం వాళ్ళు గొలుసుగా కట్టారు. జీవనది లేని ఆ నేల మీద వేలల్లో చెరువులు నిలిచింది ఆ గొలుసు వల్లే. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంతసేపు పారాలో చూసే నీరుగంటి కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉండేవి. ఇప్పుడు బెంగళూరు నీళ్ళు పోతున్నది ఆ పాత కాలువల వెంటే. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు దిగేకొద్దీ మడ్డి కిందికి దిగుతుంది, ఎండ తగులుతుంది, గడ్డీ జమ్మూ కొంత పీల్చుకుంటాయి. నాలుగైదు చెరువులు దాటాక నీటి రంగే మారిపోతుంది. జనం మాట తీరు కూడా దానితోపాటే మారుతూ వస్తుంది.

గొలుసులో కింద ఉన్న ఒక ఊళ్ళో ఒక రైతమ్మ ఇంటి అరుగు మీద చాలాసేపు కూర్చున్నాను. నాలుగు ఆవులు, ఒకటిన్నర ఎకరం టమేటా, కొంచెం మల్బరీ. పొద్దున పాలు డైరీకి పోసి వచ్చి, గడ్డి కట్ట విప్పుతూ మాట్లాడింది.

"అక్కా, మా ఆయన మూడు బోర్లు ఏసినాడు. కడాది పన్నెండు నూర్ల అడుగులు. దుమ్ము లేసింది గానీ చుక్క నీళ్ళు పడలేదు. బంగారమంతా బ్యాంకులో పెట్టినాము. చెరువులో నీళ్ళొచ్చిన రెండో ఏడు పాత బోరులో నీళ్ళు వచ్చె. చచ్చిపోయిన బోరు అక్కా, మూత పెట్టేసింటిమి."

చెరువు నీళ్ళు నేరుగా తోడి పొలానికి పెట్టడానికి అనుమతి లేదు. నీళ్ళు భూమిలోకి ఇంకాలి, బోర్లలో ఊరాలి, అప్పుడే వాడాలి అన్నది పథకం నియమం. దొంగతనంగా మోటార్లు పెట్టేవాళ్ళు ఉన్నారని ఆమే చెప్పింది. వాళ్ళ మీద ఆమెకు కోపం. మురుగు నీళ్ళు పొలానికి పెడుతున్నారని కాదు, కింది ఊరికి పోవాల్సిన నీళ్ళు మధ్యలో తాగేస్తున్నారని.

ఆ నీళ్ళంటే ఏవగింపు లేదా అని అడిగాను. ఆమె చేతిలో పని ఆపింది. "మొదట్లో ఉండె. చెరువులో చెయ్యి పెట్టలేదు. ఆవుల్ని గూడా తోలలేదు. ఇప్పుడు ఆవులు తాగతాయి. మేము తాగం. ముందర గూడా బోరు నీళ్ళు తాగలేదు కదా, ఫ్లోరైడు అని ఫిల్టరు నీళ్ళే తెచ్చుకుంటా ఉంటిమి. ఇప్పుడూ అంతే." చేపల మాట వచ్చేసరికి నవ్వింది. చెరువు చేపలు వాళ్ళింట్లో తినరట, సంతలో మాత్రం బాగా అమ్ముడుపోతాయట. టమేటాకు వైరస్ తెగులు ఎక్కువైందని, అది నీళ్ళ వల్లేనని కొందరు అంటున్నారని చెప్పింది. ఆమె అది నమ్మలేదు, తోసెయ్యనూ లేదు. "ఎవురన్నా పరీక్ష చేసి చెప్తే కదా తెలిసేది. వస్తారు, సీసాల్లో పట్టుకోని పోతారు. ఏమొచ్చింది అని ఎవురూ వచ్చి చెప్పరు."

ఈ ప్రయాణంలో నేను విన్న మాటల్లో నన్ను ఇప్పటికీ వదలనిది అదే. ఆమె అడిగింది ఒక కాగితం. తన ఊరి చెరువు నీటిలో ఏముందో, తన బోరులో ఏముందో, తనకు చదవొచ్చే భాషలో రాసిన కాగితం. శాస్త్రవేత్తలు ఈ నీళ్ళ మీద ఊరికే కూర్చోలేదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్ళే ఒకపక్క భూగర్భజలం పెరిగిందని తేల్చారు, ఇంకోపక్క బరువు లోహాల గురించి హెచ్చరించారు. పైగా 2021లో కోలారులో భారీ వానలు కురిశాయి. బోర్లు లేచినందుకు వానకెంత, పైపుకెంత అన్నది లెక్కగట్టి చెప్పాల్సిన విషయం. ఆ లెక్కలన్నీ ఇంగ్లీషు నివేదికల్లో ఉన్నాయి. ఆమె అరుగు దాకా ఒక్కటీ రాలేదు. రాకపోతే టీ బంకు మాటే ఆమెకు నివేదిక అవుతుంది.

ఇక గంగపూజ సంగతి. చెరువు నిండితే ఊరు గంగమ్మకు పూజ చేసి, చేటలో పసుపు, కుంకుమ, గాజులు, రవిక గుడ్డ పెట్టి నీళ్ళలో వదలడం ఆ నేల మీద తరాల ఆచారం. దాన్ని బాగిన అంటారు. కె.సి. వ్యాలీ నీళ్ళతో నిండిన చెరువులకూ బాగిన ఇచ్చారు. మంత్రులు వచ్చి ఇచ్చారు, ఊరి ముత్తయిదువలు ఇచ్చారు. బెంగళూరు బాల్కనీలో తులసికి పనికిరాని నీళ్ళకు ఇక్కడ పసుపు కుంకుమలు అందాయి. ఇందులో నాకు వైరుధ్యం కనిపించలేదు. నేలకు తగిలి, గట్టు లోపల నిలిచి, నాలుగు కొంగలు వాలాక ఆ నీరు వాళ్ళకు తమ ఊరి చెరువు. దానికి చెయ్యాల్సిన మర్యాద వాళ్ళు చేశారు. శుద్ధి కేంద్రం చెయ్యలేని పని ఒకటి చెరువు చేసింది.

దేవనహళ్ళిలో కనిపించిందీ అదే. కోలారుకు బయలుదేరకముందు అక్కడికి వెళ్ళాను. హెబ్బాళ, నాగవార లోయల మురుగును శుద్ధి చేసి చిక్కబళ్ళాపుర వైపు చెరువులకు పంపే పథకం ఇంకొకటి ఉంది. ఆ నీళ్ళు బాగలూరు చెరువు మీదుగా దేవనహళ్ళి సిహినీరు కెరెకు వస్తాయి. చెరువు నిండేసరికి పక్కనే పాడుబడి ఉన్న పాత బావిలో ఊటలు తిరిగాయి. ఆ బావి నీటిని, చెరువు అంచున తక్కువ లోతులో వేసిన బోర్ల నీటిని మళ్ళీ శుద్ధి చేసి, పరీక్షించి, పురపాలక సంఘం ఊరి కుళాయిలకు ఇస్తోంది. బస్టాండు దగ్గర పూలమ్మే ఆమెను ఈ నీళ్ళ గురించి అడిగితే, "బావి నీళ్ళే కదా" అంది. బావికి ముందు సంగతి చెప్పాను. ఒక క్షణం ఆలోచించి, "భూమి తాగి ఇచ్చింది కదా" అని మళ్ళీ పూలు మూర వెయ్యసాగింది.

కోలారు పెద్దవాళ్ళ కోపం ఈ ఏవగింపు సంగతి దాటి ఇంకెక్కడో ఉంది. కట్ట మీద వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన దగ్గర అది బయటపడింది. పరమశివయ్య నివేదిక కోసం ఊరేగింపుల్లో నడిచిన మనిషి. పశ్చిమ కనుమల నీళ్ళు తెచ్చి ఈ కరువు జిల్లాలకు ఇవ్వాలని రాసిన ఇంజనీరు పరమశివయ్య. ఆ కనుమల నీళ్ళు తేవడానికే పెట్టిన ఎత్తినహొళె పథకానికి 2014లో చిక్కబళ్ళాపురలో శంకుస్థాపన చేశారు. మొదటి దశ 2024లో ప్రారంభించారు. కోలారు మాత్రం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

"మీ కుప్పానికి కృష్ణ వచ్చె కదమ్మా" అన్నాడు. నిజమే. 2025లో హంద్రీ-నీవా కాలువల మీదుగా శ్రీశైలం నీళ్ళు కుప్పం చెరువులకు చేరాయి. గట్టిగా పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న పల్లెలు. పాలారు వీళ్ళ జిల్లా దాటి కుప్పం మీదుగానే తమిళనాడుకు పోతుంది. "మీకు కృష్ణ, బెంగళూరుకు కావేరి, మాకు మాత్రం వాళ్ళు కడుక్కున్న నీళ్ళు. నీళ్ళు వద్దనేది లేదు. మాకేంటికి ఇవి మాత్రమే అని అడగతా ఉండాను. ఇయ్యాలంటే మూడో శుద్ధి చేసి ఇయ్యండి. దానికి దుడ్డు లేదా ఆ ఊరికి?"

ఆయనకు జవాబు నా దగ్గర లేదు. లక్షల కోట్ల వ్యాపారం చేసే నగరం తన మురుగును ఇంకొక్క మెట్టు శుభ్రం చేసి పంపలేదంటే నేను ఒప్పుకోను. ఆస్ట్రేలియాలో తూవుంబ అనే ఊరుంది. కరువు ముంచుకొచ్చినప్పుడు మురుగును తాగునీటిగా మార్చే పథకం పెట్టి, 2006లో జనాన్ని ఓటడిగారు. నూటికి అరవైమందికి పైగా వద్దన్నారు. ఆ తీర్పు తెలివైనదా కాదా అన్నది వేరే మాట. ఆఫ్రికాలో విండ్‌హోక్ నగరం 1968 నుంచి అటువంటి నీళ్ళే తాగుతోంది. సింగపూర్ 2003 నుంచి తన జలాశయాల్లో కలుపుకుంటోంది. కానీ తూవుంబ వాళ్ళను కనీసం అడిగారు. ఆ పెద్దాయన్ని ఎవరూ అడగలేదు. నీళ్ళు వస్తున్నాయని చెప్పారు, అంతే. అడిగి, పరీక్షల ఫలితం పంచాయతీ గోడ మీద అంటించి, మూడో దశ ఎప్పటికి కడతారో తేదీ చెప్పి ఉంటే, అదే జనం అదే నీళ్ళను ఇంకెంత ధీమాగా తీసుకునేవాళ్ళో!

మనం మాత్రం ఈ విషయంలో ఒకరికి చెప్పేంతవాళ్ళం కాము. హైదరాబాదు మురుగుతో మూసీ పక్కన పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు దశాబ్దాలుగా పశుగ్రాసం పెంచారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు నగరమే తాగింది. ఇంకా కిందికి నల్గొండ దాకా వరి పండింది. అందులో చాలా ఏళ్ళు చాలా నీరు శుద్ధి కాకుండానే పారింది. మూసీ రైతుల చేతుల మీద లేచిన దురదను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. మా మదనపల్లె మురుగు బాహుదాలోకే దిగుతుంది. దాని దిగువన ఎవరెవరు ఉన్నారో, వాళ్ళ బావుల్లో ఏముందో మా ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోగా నేను వినలేదు.

కోలారు నుంచి శ్రీనివాసపుర మీదుగా ఇంటి బస్సు ఎక్కాను. దారిపొడుగునా మామిడి తోటలు. పక్క సీట్లో ఒక మామ, కోడలు. మండీలో లెక్క చూసుకుని వస్తున్నారు. నేను చెరువుల గురించి అడిగేసరికి ఇద్దరూ ఇటు తిరిగారు. వాళ్ళ ఊరి చెరువుకు కె.సి. వ్యాలీ నీళ్ళు ఇంకా అందలేదు. పై ఊరి దాకా వచ్చి ఆగాయట. మామ ఎమ్మెల్యే ఇంటికి తిరుగుతున్నాడు, అర్జీలు పెట్టాడు, కాలువలో పూడిక తీయించడానికి ఊరి చందా వేయించాడు.

"ముందు నీళ్ళు రానీమ్మా. చెరువు తడిసి ఎన్నేండ్లాయనో. శుద్ధి, గిద్ధి అనేది వచ్చినంక అడుగుదాం" అన్నాడు.

కోడలు ఒళ్ళో ఉన్న సంచి సర్దుకుంది. "వచ్చినంక అడిగితే ఎవురు వింటారు మామా? పై ఊరోళ్ళు అడగతానే ఉండారు కదా, వినిరా? అర్జీలోనే రాయాల, మూడో శుద్ధి చేసి పంపండి అని."

"అట్ల రాస్తే మన చెరువును పక్కన పెట్టేస్తారు."

"పెట్టనీ. ఈ తూరి అర్జీ నేను రాస్తా."

మామ ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే సంచిలోంచి మండీ చీటీ తీసి, దాని వెనకవైపు రాయడానికి నన్ను పెన్ను అడిగింది.